ఎదురింటికి చెప్పొద్దన్నది నేనే

ఇళ్ళు అమ్మిపెట్టే పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "మేడమ్, మీ అనుభవంలోంచి ఏదైనా సలహా చెప్పండి" అంటారు. రిటైరైన వాళ్ళ దగ్గర సలహాలకు కరువేముంది? టీ ఇచ్చి మరీ గంటసేపు చెబుతాను. ఒక్క సలహా మాత్రం ఇవ్వను. ఒకప్పుడు అందరికీ ముందుగా ఇచ్చింది అదే, వేలు చూపించి మరీ ఇచ్చేదాన్ని. "అడ్వాన్సు చేతిలో పడేదాకా ఇరుగుపొరుగు చెవిన వెయ్యకండి." ఆ మాట ఎందుకు మానేశానో చెప్పాలంటే అరసవల్లిలోని ఒక మూడో అంతస్తు ఫ్లాటు సంగతి చెప్పాలి.

నాది విజయనగరం. పెళ్ళయ్యాక శ్రీకాకుళం వచ్చి, అక్కడ ఒక చిన్న రియల్ ఎస్టేట్ ఆఫీసులో ఫోన్లు ఎత్తడానికి చేరాను. ఇల్లు చూడటానికి వచ్చే ఆడవాళ్ళు వంటింటి గట్టు ఎత్తు గురించీ, గిన్నెలు తోమే చోటు గురించీ అడుగుతుంటే మా మగాళ్ళు నీళ్ళు నమిలేవారు. అది చూసి మా యజమాని తాళంచెవుల గుత్తి నా చేతిలో పెట్టారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆ గుత్తి నా బ్యాగులోనే ఉంది. మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు అరిగాయి కానీ, జనం ఇళ్ళలో ఎలా బతుకుతారో చూడటం నాకు ఎప్పుడూ విసుగనిపించలేదు.

నేను చెప్పేది ఉద్యోగంలో నా చివరి ఏడు సంగతి. అమ్మేవాళ్ళు భార్యాభర్తలు, పిల్లల్లేరు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు, ఆమె ఇంట్లో జాకెట్లు కుడుతుంది. రిటైరైన ఏడాదికే ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడి కాలు, కుడి చెయ్యి పట్టు తప్పాయి, మాట ముద్దయిపోయింది. ఆ అపార్టుమెంటుకు లిఫ్టు లేదు. ఆసుపత్రి నుంచి తెచ్చి పైకి ఎక్కించాక, నేను వెళ్ళేనాటికి ఎనిమిది నెలలైంది, ఆయన కిందికి దిగలేదు. ముప్పై అయిదేళ్ళు ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. బాల్కనీలో కుర్చీ వేసుకుని గుడికెళ్ళే ఆటోలను చూస్తూ కూర్చునేవారు. ఆవిడ అక్క ఉండే వీధిలో, విజయనగరంలో, మెట్లు లేని చిన్న ఇల్లొకటి దొరికింది. ఆ ఇంటివాళ్ళు రథసప్తమి దాకా ఆగుతామన్నారు, ఆ తర్వాత వేరేవాళ్ళకు ఇచ్చేస్తామన్నారు. అప్పటికి దసరా వెళ్ళింది. ఇల్లు మారితే ఏం చేస్తారని నేను ఊరికే అడిగితే ఆయన కష్టపడి కూడబలుక్కుని, సెలూనుకెళ్ళి గడ్డం గీయించుకుంటానన్నారు. ఆ కోరిక విని నాకు చాలా జాలేసింది. ఎలాగైనా అమ్మిపెట్టాలని ఆరోజే పట్టుపట్టాను.

పట్టుపట్టి, నా సలహా ఇచ్చాను. ఎవరికీ చెప్పకండమ్మా, పక్కవాళ్ళు లేనిపోనివి చెప్పి బేరం చెడగొడతారు అన్నాను. ఆవిడ ఏదో అనబోయింది. నేను వినిపించుకోలేదు. నాకు ఇంకో ఇల్లు చూపించే పని ఉంది, టైమైపోతోంది.

ఇల్లు కొనాలని చూసే మొదటి పార్టీ నాకంటే ముందే వచ్చేశాడు. వచ్చి ఎదురింటి తలుపు కొట్టాడు. నేను ఆయాసపడుతూ మూడో అంతస్తు ఎక్కేసరికి, "అమ్మే ఫ్లాటు ఇదేనా?" అని అడుగుతున్నాడు. తలుపు తీసిన మనిషి పొడగరి, యాభై దాటి ఉంటాయి. చీర కుచ్చెళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది, చేతులకు చేపల పొలుసు అంటుకుని ఉంది. ముంజేతి మీద పాతకాలపు పచ్చబొట్టు, నాలుగు అక్షరాలు. మొగుడి పేరు కాబోలు అనుకున్నాను. "ఎవులు అమ్ముతన్నారు?" అని అడిగిందామె. అతను చెయ్యి చాపి ఎదుటి తలుపు చూపించాడు. ఆమె ఆ తలుపు వంక కాసేపు అలాగే చూసింది. నేను సారీ చెప్పి పార్టీని ఇటు లాక్కొచ్చాను.

అదిగో, అక్కణ్ణుంచి మొదలైంది. ఆమెది భావనపాడు. ఎండుచేపలు తెచ్చి శ్రీకాకుళం మార్కెట్లో అమ్ముతుంది, భర్త పోయాడు, బొట్టూ గాజులూ మాత్రం తియ్యలేదు. మూడో అంతస్తులో ఉన్నవి రెండే ఫ్లాట్లు, మధ్యలో కారిడారు. ఆ కారిడారు చివర బాగా ఎండ పడుతుంది. నేను పార్టీని తెస్తున్నానని ఎలా తెలిసేదో గానీ, మేం వచ్చేసరికి అక్కడ చాపలు పరిచి నెత్తళ్ళు ఆరబోసి ఉండేవి. వేలెడు పొడవుండే ఆ చేపల వాసన రెండో అంతస్తు నుంచే ఎదురొచ్చేది. వాసన ఒక్కటే అయితే సర్దిచెప్పేదాన్ని. ఆమె తలుపు దగ్గరే పీట వేసుకుని కూర్చుని, వచ్చినవాళ్ళను పలకరించేది. "కొంటావేటి బాబూ? మోటారు నెలకి రెండు మాట్లు కాలిపోతాది. వానొస్తే ఆ పడకగది గోడ సెమ్మెక్కుతాది. కోతులు కూడా వస్తాయి, నీ పెల్లానికి భయం నేకపోతే పరవానేదు." నాకు ఒళ్ళు మండేది. ఎందుకంటే ఆమె చెప్పిందాంట్లో ఒక్కటీ అబద్ధం కాదు.

అలా నలుగురు వెనక్కి పోయారు. మా ఆఫీసులో నాకంటే సీనియర్ ఒకాయన ఉండేవారు, ఉపాయాల పుట్ట. పార్టీ వచ్చే ముందు పొయ్యి మీద కాఫీ మరిగిస్తే ఇల్లు అమ్ముడుపోతుందని ఆయన నమ్మకం. కాఫీ మరిగించాను. సాంబ్రాణి వేశాను. కాఫీ, సాంబ్రాణి, నెత్తళ్ళు మూడూ కలిసి వచ్చిన వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. ఆ ఉపాయం బెడిసికొట్టాక ఆయన ఇంకోటి చెప్పారు. ఎవరో హోటలు వాళ్ళలా ఫోన్ చేసి పది కేజీల ఎండుచేపలు కావాలని అడిగితే, ఆ పూట ఆమె మార్కెట్టుకు వెళ్ళిపోతుంది, ఈలోపు పార్టీకి ఇల్లు చూపించేయవచ్చు. గొంతు మార్చి ఫోన్ చేసింది నేనే. సిగ్గుపడాల్సిన పనే, అప్పుడు మాత్రం నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆమె వెళ్ళింది కూడా, వచ్చిన పార్టీకే ధర కుదరలేదు. కాకపోతే మేం చేసింది ఆఫీసు నెంబరు నుంచి. ఆ సాయంత్రం గంప నెత్తిన పెట్టుకుని నేరుగా మా ఆఫీసుకే వచ్చి, టేబుల్ మీద దింపి, "పది కేజీలు అడిగింది ఎవులమ్మా?" అంది. నా మొహం చూసి ఇంకేమీ అడగలేదు. మా సీనియర్‌గారు శుద్ధ శాకాహారి. ఆయనే ముందుకొచ్చి సరుకంతా తీసుకున్నారు. వారం రోజులు మా ఆఫీసుకు ఎవరొచ్చినా గుమ్మంలోనే ఆగిపోయేవారు.

అప్పటికి రథసప్తమి మూడు వారాల్లోకి వచ్చేసింది. అపార్టుమెంటు సంఘానికి ఫిర్యాదు రాసివ్వడం తప్ప దారి లేదనుకున్నాను. కారిడారు అందరిదీ, అక్కడ చేపలు ఎండబెట్టడం కుదరదని రాశాను. పేరు రాయాల్సిన చోట ఖాళీ వదిలి కండక్టరుగారి భార్య దగ్గరికి వెళ్ళి, ఎదురింటామె పేరేమిటమ్మా అని అడిగాను. ఆవిడ మిషను మీద నుంచి తల ఎత్తలేదు. "నా నోటితోటి ఆ పేరు పలకను" అంది.

నేను ఆ మాటను నాకు అనుకూలంగా తీసుకున్నాను. పేరు కూడా పలకనంత పగ ఉందంటే ఇక మొహమాటం దేనికి అనిపించింది. అంతకుముందు మార్కెట్లో ఎదురుపడినప్పుడు చేపలామె కూడా ఈవిడను "ఆ ఇంటావిడ" అనే అంది తప్ప పేరెత్తలేదు. రెండు వైపులా ఒకే మంట అనుకుని, కాగితం కండక్టరుగారి ముందు పెట్టి, సంతకం ఎడమచేత్తోనైనా పెట్టండి, ఆ పేరు కూడా మీరే చెప్పండి అన్నాను.

ఆయన కాగితం చదివారు. నిదానంగా చదివారు. తర్వాత ఎడమచేత్తో దాన్ని నా వైపు తోసేసి, ఒక్కో మాటా లాక్కుంటూ అన్నారు. "ఆ పేరు... ఈవిడ సెప్పకూడదమ్మా. నేస్తం... కట్టుకున్నారు."

పిల్లలూ, మీలో చాలామందికి నేస్తమంటే ఉత్త స్నేహితురాలు. మా వైపు పాతవాళ్ళకు అది చుట్టరికం. ఇద్దరు ఆడవాళ్ళు దేవుడి ఎదుట పసుపు కుంకుమలు, కొత్త చీరలు ఇచ్చి పుచ్చుకుని నేస్తం కట్టుకుంటారు. ఆ రోజు నుంచి ఒకరి పేరు ఒకరు పలకరు, నేస్తం అనే పిలుచుకుంటారు. పెళ్ళికైనా చావుకైనా నేస్తానికి చెప్పాకే బంధువులకు చెబుతారు. మా అమ్మమ్మకు కూడా ఒక నేస్తం ఉండేది. నెలకోసారి మా ఇంటికొచ్చి వెళ్ళేది. ఆమె పేరేమిటో అమ్మమ్మ నోట నేను ఒక్కసారి కూడా వినలేదు. అమ్మమ్మ ఒళ్ళో కూర్చుని నేర్చుకున్న సంగతి, ఉద్యోగం చేసి చేసి మర్చిపోయాను. ప్రేమతో పలకని పేరును పగతో పలకని పేరనుకున్నాను.

కండక్టరుగారే మెల్లగా మిగతాది చెప్పారు. చేపల గంపతో ఎవరూ బస్సెక్కనివ్వని రోజుల్లో ఆయన తన బస్సు వెనక సీటు దగ్గర ఆమెకు చోటిచ్చేవారు. అలా ఇంటికి రాకపోకలై, ముప్పై ఏళ్ళ కిందట శ్రీకూర్మంలో స్వామి ఎదుట ఈ ఇద్దరు ఆడవాళ్ళూ నేస్తం కట్టుకున్నారు. ఈ ఫ్లాట్లు కూడా ఎదురెదురుగా ఉండాలని వెతుక్కుని మరీ కొన్నారు. ఆయన జబ్బుపడ్డాక రోజూ ఆమె ఇంటి నుంచి పులుసు గిన్నె వచ్చేది. నేను వచ్చిన వారం నుంచి రావడం లేదు.

ఆవిడ మిషను ఆపి ఏడుస్తోంది. ఆమెకు ముందే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. అడిగాక నాలుక కరుచుకున్నాను.

"మీరే సెప్పొద్దన్నారు గదమ్మా. సెప్తే బేరం సెడిపోతాదన్నారు. ఈయన కిందికి దిగితే సాలనుకున్నాను. తరవాత ఏ మొగం పెట్టుకుని సెప్పను?"

ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో అంత చిన్నతనం నాకు ఎప్పుడూ కలగలేదు. ఫిర్యాదు కాగితం చింపి బ్యాగులో వేసుకున్నాను. కారిడారు దాటడానికి నాలుగు అడుగులు చాలు. ఆ నాలుగూ వెయ్యడం నాకు కష్టమైంది.

ఆమె పీట మీద కూర్చుని నెత్తళ్ళలో ఇసక ఏరుతోంది. నేను ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఎవరికీ చెప్పొద్దని చెప్పింది నేనే, ఫోన్ చేసింది కూడా నేనే, ఆవిడ తప్పేమీ లేదని చెప్పాను. ఆమె చేతి పని ఆపలేదు.

"నువ్వు సెప్పొద్దన్నావు, సరే. నీకు మేము ఎవులం? దానికి తెలీదా? నా నేస్తం ఇల్లు అమ్ముతన్నాదని దారినపోయేవోడు నా తలుపు కొట్టి సెప్పాడు. ఆ రేతిరి నాకు ముద్ద దిగినేదు." ఏరిన ఇసక పక్కకు ఊది మళ్ళీ అంది. "నువ్వొచ్చినావు. అది రానేదు."

నేను వెనక్కి తిరిగి చూశాను. ఆవిడ అప్పటికే తన గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో కుంకుమ భరిణె. శుభకార్యానికి పిలవడానికి వచ్చినట్టే వచ్చి, వంగి, ఆమెకు బొట్టు పెట్టింది. కుంకుమ కాస్త ముక్కు మీద రాలింది.

"నేస్తం, ఇల్లు అమ్ముకుంతన్నాం. ఆయన కిందికి దిగాలి."

చేపలామె ముక్కు తుడుచుకోలేదు. చాప అంచులు నాలుగూ ఎత్తి, నెత్తళ్ళను మధ్యకు పోగుచేసి, లోపలికి తీసుకెళ్ళి పెట్టింది. తిరిగొచ్చి, "బావకి పులుసు కాసి పంపుతాను, కూకో" అంది. ఆవిడను అనాల్సినవి ఇంకా చాలా ఉన్నాయని ఆమె మొహంలో తెలుస్తోంది. వాటన్నిటినీ ఆ రోజుకు దాచిపెట్టింది.

ఆ వారమే నర్సుగా పనిచేసే ఒకమ్మాయి, ఆమె భర్త ఇల్లు చూడటానికి వచ్చారు. పలాస దగ్గరి వాళ్ళు. ఈసారి నన్ను నోరు విప్పనివ్వకుండా ఇల్లు చూపించింది చేపలామే. మోటారు కాలిపోతుందని చెప్పింది, తను ఫోన్ చేస్తే మెకానిక్ గంటలో వస్తాడనీ చెప్పింది. చెమ్మెక్కే గోడ చెయ్యి పెట్టి చూపించింది, తర్వాత బాల్కనీ తలుపు తీసి గాలి ఎలా వస్తుందో చూపించింది. దాచిపెట్టి అమ్మడం నేను ఇరవై ఏళ్ళు చేశాను. విప్పి చూపించి అమ్మడం ఆ పూట చూశాను. చివరికి ఆ అమ్మాయిని, "ఎండుసేపలు తింతారా?" అని నిలదీసింది. ఆ అమ్మాయి నవ్వి, వాళ్ళమ్మ కూడా ఇలాగే డాబా మీద ఎండబెడుతుందని చెప్పింది. వాళ్ళే కొన్నారు.

ఫ్లాటు ఇద్దరి పేరా ఉంది కాబట్టి రిజిస్ట్రేషను రోజు కండక్టరుగారు కూడా ఆఫీసుకు రావాలి. ఆయన్ని ఎలా దింపడమా అని నేను తల పట్టుకుంటే, భావనపాడు నుంచి చేపలామె అన్న కొడుకులు ముగ్గురు పొద్దున్నే దిగారు. పడవలు ఒడ్డుకు లాగే భుజాలు వాళ్ళవి. కుర్చీకి వలతాడు కట్టి, ఆయన్ని కూర్చోబెట్టి ఎత్తారు. ఒక్కో మలుపులో ఆగి, అందరూ సరిగ్గా పట్టుకున్నాక, కుర్చీలోంచి ఆయనే "రైట్" అనేవారు. అన్ని మాటలూ ముద్దయిపోయిన నోట్లో ఆ ఒక్క మాట ఎంత స్పష్టంగా ఉందో. కింద గేటు దగ్గర దింపాక ఎడమకాలి చెప్పు విడిచి, మట్టిలో పాదం పెట్టి కాసేపు అలాగే కూర్చున్నారు. మేమందరం ఎటో చూస్తూ నిలబడ్డాం.

సాక్షి సంతకానికి చేపలామె తనంతట తనే వచ్చింది. రిజిస్ట్రారు ఆఫీసులో క్లర్కు వేరే జిల్లా మనిషి. అమ్మే ఆవిడను చూపించి, ఈమె ఎవరో మీకు తెలుసా అని అడిగాడు.

"నా నేస్తం."

"స్నేహితురాలే, సరే. పేరు చెప్పమ్మా."

ఆమె చెప్పలేదు. మళ్ళీ అడిగాడు. వెనక వరసలో జనం గొణుగుతున్నారు. పేరే తెలియని సాక్షి ఏం సాక్షి అని క్లర్కు కాగితాలు పక్కన పెట్టబోయాడు. రథసప్తమికి ఇంక రెండు రోజులే. ఆచారం ఇదీ అని నేను వివరించబోతుంటే చేపలామె నన్ను పక్కకు జరిపి, గాజులు పైకి తోసి, ముంజెయ్యి బల్ల మీద పెట్టింది.

మొగుడి పేరు కాబోలు అని నేను అనుకున్న ఆ నాలుగు అక్షరాలను క్లర్కు కళ్ళజోడు సర్దుకుని చదివాడు. దస్తావేజులో పేరు చూశాడు. మళ్ళీ చెయ్యి చూశాడు. "ఇంటిపేరు లేదే" అన్నాడు, గొంతులో కోపం తగ్గి.

"ఇంటిపేరు కూడా పొడిపిస్తే సెయ్యి సాలదు బాబూ" అందామె.

సంతకాలయ్యాక బయట బెంచీ మీద ఆ కథ తెలిసింది. నేస్తం కట్టుకున్న రోజున గుడి బయట ఇద్దరూ పచ్చబొట్లు పొడిపించుకుందామనుకున్నారట. చేపలామె ముందు కూర్చుని పొడిపించుకుంది. తన వంతు వచ్చేసరికి ఈవిడ సూది చూసి పరుగో పరుగు. ముప్పై ఏళ్ళుగా ఆ దెప్పిపొడుపు పడుతూనే ఉంది. చేపలామె ఆ రోజు కూడా దెప్పింది. ఈవిడ మాత్రం నవ్వకుండా, నేస్తం చెయ్యి ఒళ్ళోకి తీసుకుని ఆ అక్షరాల మీద తన అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆ పేరు నేను కూడా ఇక్కడ రాయను.

మరుసటి దసరా వెళ్ళాక, రిటైరై విజయనగరంలో మా వాళ్ళింటికి వచ్చినప్పుడు వాళ్ళ కొత్త ఇంటికి వెళ్ళాను. కండక్టరుగారు వీధి అరుగు మీద కుర్చీలో ఉన్నారు, గడ్డం నున్నగా గీయించుకుని. ఆవిడ టీ తెచ్చింది. గ్లాసు అందుకుంటూ చూద్దును కదా, ఆవిడ ముంజేతి మీద కొత్త పచ్చబొట్టు.

ఆ ఊరి అమ్మవారి జాతరలో, సిరిమాను సంబరంలో వేయించుకుందట. ఈసారి పారిపోకుండా కళ్ళు మూసుకుని కూర్చుంది. కాకపోతే పచ్చబొట్టు మిషను పట్టుకున్నతను పేరేమిటని అడిగాడు. ఈవిడ పలకకూడదు. అందుకని చక్రాల కుర్చీలో పక్కనే ఉన్న కండక్టరుగారు చెప్పారు. ఆయన ముద్దమాటలో ఒక అక్షరం జారిపోయి ఇంకొకటి వచ్చి చేరింది. అతను విన్నది విన్నట్టు పొడిచేశాడు. ఈవిడ ఇంటికొచ్చి చూసుకుని బావురుమంది.

మర్నాడు మొదటి బస్సుకే ఎండుచేపల సంచీతో నేస్తం దిగింది. ఆ చెయ్యి పట్టుకుని, అటు తిప్పి ఇటు తిప్పి, కూడబలుక్కుని చదివింది. కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని అందట. "ఇది నా పేరు కాదు గదా నేస్తం. మరి దీన్ని పలికితే తప్పేటి? ఏదీ, ఒక్కసారి పిలు."

ఆవిడ నాకు ఇది చెబుతుండగానే లోపల ఫోన్ మోగింది. వెళ్ళి ఎత్తి, ఆ తప్పు పేరు పెట్టి గట్టిగా పిలిచింది. అవతలి నుంచి "ఓయ్" అని పలికిన గొంతు, అరుగు మీద కూర్చున్న మా ఇద్దరికీ వినిపించింది.